ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో కలిపి నడిపే నాన్‌ప్రాఫిట్ ప్రీస్కూల్లో మా పాపను చేర్చవచ్చా?

నమస్తే అండి. మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పాపకు మూడున్నరేళ్ళు, ఇల్లు సియాటిల్ దగ్గర బాథెల్‌లో. దగ్గర్లోని ఒక నాన్‌ప్రాఫిట్ ప్రీస్కూల్లో సీటు వచ్చింది. క్లాసులో 15 మంది, అందులో 5 మందికి ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నాయి. మీరు టూర్‌కి వెళ్ళినప్పుడు ఒక్క వర్క్‌షీటూ కనబడలేదు, పిల్లలంతా ఆడుకుంటూనే ఉన్నారు. మీవారికి బాగా నచ్చింది. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు మాత్రం "వాళ్ళను చూసి మన పిల్ల కూడా అలాగే చేస్తుందేమో" అంటున్నారు. రెండేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోయే ఆలోచన ఉంది కాబట్టి, అక్కడి పిల్లలతో పోలిస్తే చదువులో వెనకబడుతుందేమోనని మీకు టెన్షన్.

నేను ఈ రాష్ట్రంలోనే చిన్నపిల్లల స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ని. చాలా ఏళ్ళుగా ఇలాంటి కలగలుపు తరగతుల్లోనే పని చేస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: చేర్చండి. అయితే డిపాజిట్ కట్టే ముందు ఇంకోసారి వెళ్ళి, అన్ని రకాల పిల్లలను కలిపి కూర్చోబెట్టడం వరకే చేస్తున్నారా, లేక వాళ్ళు నిజంగా కలిసి నేర్చుకునేలా రోజంతా పని చేస్తున్నారా అన్నది చూసి రండి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మీ పాపకు మంచి జరిగేదీ జరగనిదీ ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు తరగతి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. టూర్‌లో పది నిమిషాలు నిలబడితే అది కనబడదు.

పొద్దున సర్కిల్ టైమ్ అనుకోండి, అంటే పిల్లలంతా గుండ్రంగా కూర్చునే సమయం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న నాలుగేళ్ళ బాబు, వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో కూర్చుని ఉంటాడు. మాట రాదు, కుడి చేయి కొంచెం అతని అదుపులో ఉంటుంది. ఎదురుగా అరచేయంత ఎర్ర బటన్. నొక్కితే అందులో రికార్డ్ చేసిన మాట వినబడుతుంది. "అందరూ రెడీనా? పాట మొదలెడదాం!" అని అందులో ముందు రోజే ఇంకో నాలుగేళ్ళ బాబు చేత చెప్పించి పెట్టుకుంటాం, పెద్దవాళ్ళ గొంతు అయితే అతని వయసుకు అతకదు కాబట్టి. అతను నొక్కితే గానీ పాట మొదలవదు. చేయి లేచి, అటూ ఇటూ వెళ్ళి, బటన్ మీద పడేసరికి పది సెకన్లు పట్టవచ్చు. టీచర్ అతని చేయి పట్టుకుని నొక్కించదు. "త్వరగా, త్వరగా" అనదు. మిగతా పిల్లలంతా అతని చేతి వంకే చూస్తూ కూర్చుంటారు. నొక్కగానే ఒక్కసారిగా పాట ఎత్తుకుంటారు.

ఆ పది సెకన్లలో ఆ బాబు ఒకటి నేర్చుకున్నాడు: నేను చేస్తే నలుగురూ కదులుతారు అని. మిగతా పిల్లలు నోటి చివర ఉన్న పాటను ఆపుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. ఈ ఆపుకోవడం చిన్న విషయం అనుకోకండి. కిండర్‌గార్టెన్ టీచర్లను అడిగి చూడండి, ఎ బి సి డి లు వచ్చి కూర్చోలేని పిల్లల కంటే, అక్షరాలు సగమే వచ్చి వంతు కోసం ఆగగలిగే పిల్లలతో పని సులువని చెబుతారు. ఈ రాష్ట్రంలో పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చేరగానే వాకిడ్స్ అనే పరిశీలన ఉంటుంది. అందులో ఆరు అంశాలు: మనసూ తోటివారితో మెలగడమూ (రెండూ కలిపి ఒకటి), శరీరం, ఆలోచన, భాష, చదవడానికి పునాది, లెక్కలు. మన ఇళ్ళలో మనం లెక్కపెట్టేది చివరి రెంటినే.

ఇక ఆట సంగతి. వర్క్‌షీట్ కనబడకపోతే చదువు లేదనుకోవడం సహజమే, మనందరం పలక పట్టుకుని పెరిగినవాళ్ళమే. కానీ బ్లాకుల మూల దగ్గర కాసేపు కూర్చోండి. చెక్క బ్లాకులు ఒక కొలతతో తయారవుతాయి. రెండు చిన్నవి కలిపితే ఒక మధ్యరకం, రెండు మధ్యరకాలు కలిపితే ఒక పొడుగుది. గోడకు పొడుగువి అయిపోతే పిల్లలు చిన్నవి పేర్చి సరిపెడతారు. సగం, రెట్టింపు అన్నవి అలా చేతికి తెలుస్తాయి. ఒకసారి మా దగ్గర పిల్లలు కార్పెట్ మీద ఊరు కట్టారు. వాకర్‌తో నడిచే పాప దాని దగ్గరికి రాబోతే చక్రం కార్పెట్ అంచుకు తట్టుకుని ఆగిపోయింది. టీచర్ వెంటనే లేచి ఎత్తుకుని లోపల కూర్చోబెట్టలేదు. "ఈమె లోపలికి ఎలా వస్తుంది?" అని అక్కడున్న పిల్లలను అడిగింది. ఒకడు బ్లాకులు తీసి దారి చేశాడు. ఇంకో పిల్ల చెక్క పలక తెచ్చి వాలుగా పెట్టింది, అది జారిపోయింది. కింద అడ్డు పెట్టారు. మరీ నిటారుగా ఉందని వాకర్ పాపే తల అడ్డంగా ఊపింది. చివరికి ఊరినే కార్పెట్ మీద నుంచి నేల మీదికి మార్చేశారు! వాలు, ఎత్తు, బరువు, పొడవు అన్నీ ఆ అరగంటలో వచ్చాయి. టీచర్ పక్కనే కూర్చుని "ఇంకా పొడుగు పలక పెడితే ఏమవుతుంది?" లాంటి ప్రశ్నలు వేస్తూ, ఎవరు ఏ మాట వాడారో చిన్న కాగితం మీద రాసుకుంటూ ఉంది. అలాంటి కాగితాలు ఒక్కో పిల్ల ఫైల్లోకి వెళతాయి. మీరు చూసినప్పుడు "ఊరికే ఆడుకుంటున్నట్టు" కనబడింది ఇదే.

చదవడానికి పునాది కూడా ఇలాగే పడుతుంది. పొద్దున రాగానే తన పేరున్న కార్డు వెతికి బోర్డుకు తగిలించడం, ప్రాసలు పాడటం, మాటలో మొదటి శబ్దం పట్టుకోవడం, తను చెప్పిన కథను టీచర్ రాస్తుంటే చూడటం. మట్టి పిసకడం, పట్టకారుతో దూది ఉండలు తీయడం, గోడకు అతికించిన కాగితం మీద రంగులు వేయడం, వీటితో వేళ్ళకూ మణికట్టుకూ బలం వస్తుంది. అది రాకముందే పెన్సిల్ ఇచ్చి లైన్లలో రాయిస్తే పట్టు తప్పుగా అలవాటై, తర్వాత మార్చడం కష్టమవుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వస్తాను. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి, మన దగ్గర ఈ పిల్లలను ఇళ్ళలోనే ఉంచేసిన తరం వాళ్ళది. వాళ్ళకు ఇలాంటి పిల్లలతో కలిసి చదువుకునే అవకాశమే రాలేదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఒకరి నుంచి ఒకరికి వచ్చేవి కావని ఆవిడకూ తెలిసే ఉంటుంది. ఆవిడ అసలు భయం అనుకరణ గురించి. నిజమే, మూడేళ్ళ పిల్లలు అన్నీ అనుకరిస్తారు. తోటి బాబు చేతులు ఆడించడం చూసి మీ పాప కూడా రెండు రోజులు ఆడించి చూడవచ్చు. ఎవరో కీచుమని అరిస్తే తనూ అరిచి చూడవచ్చు. దాని వల్ల తనకు ఏమీ దక్కదని తెలియగానే మానేస్తుంది. ఆ బాబు చేతులు ఆడించడానికి అతని శరీరంలో ఒక కారణం ఉంది, మీ పాపకు అది లేదు కాబట్టి అలవాటుగా నిలవదు. మాటలు వచ్చిన పిల్ల, మాటలు రాని పిల్లల పక్కన కూర్చున్నందుకు మాటలు మానేయడం నేనెప్పుడూ చూడలేదు. నిలిచిపోయేవి వేరే ఉన్నాయి: "ఇంకా", "సాయం చెయ్యి", "అయిపోయింది" అనే సైగలు ఇంటికి తెస్తారు, తమ్ముడికో చెల్లికో నేర్పుతారు.

ఇలాంటి తరగతుల్లో మామూలు పిల్లల ఎదుగుదల తగ్గదని, తేడాలున్న మనుషులతో మెలగడం వాళ్ళకు బాగా వస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. 2015లో అమెరికా విద్యాశాఖ, ఆరోగ్యశాఖ కలిసి ఇచ్చిన విధాన ప్రకటనలో ఇదే ఆధారంగా చూపారు. 2023లో దాన్ని మళ్ళీ నవీకరించారు.

అయితే ఇక్కడే ఇందాక చెప్పిన తేడా వస్తుంది. లీప్ అని ఒక పద్ధతి ఉంది, 1980ల మొదట్లో పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. ఆటిజం ఉన్న ముగ్గురు నలుగురు పిల్లలను దాదాపు పది మంది మామూలు పిల్లలతో ఒకే తరగతిలో ఉంచి, ఆ మామూలు పిల్లలకే కొన్ని పనులు నేర్పిస్తారు: తోటివాడి ముందుకు వెళ్ళి బొమ్మ చూపించి అడగడం, జవాబు రాకపోతే మళ్ళీ అడగడం, తనది పంచుకోవడం. ఈ పద్ధతి మీద 2011లో వచ్చిన అధ్యయనంలో 56 తరగతులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. 28 తరగతుల టీచర్లకు రెండేళ్ళ పాటు శిక్షణ ఇచ్చి, పక్కనుండి చేయించారు. మిగతా 28 తరగతుల వాళ్ళకు అదే పద్ధతి పుస్తకాలు ఇచ్చి వదిలేశారు. రెండు రకాల తరగతుల్లోనూ పిల్లలు కలిసే ఉన్నారని గమనించండి. రెండేళ్ళ తర్వాత భాష, ఆలోచన, తోటివారితో మెలగడం అన్నింటిలోనూ శిక్షణ పొందిన టీచర్ల దగ్గర ఉన్న ఆటిజం పిల్లలు బాగా ముందున్నారు. టీచర్లు పద్ధతిని ఎంత నిక్కచ్చిగా పాటిస్తే ఫలితం అంత బాగుంది. పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన ఏమీ జరగదని నేను అనేది దీని వల్లే.

సరైన పని జరగని తరగతి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అలాంటివీ ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి ఒక సహాయకురాలిని అతికించి ఉంచుతారు. అతను ఎటు వెళితే ఆమె అటు. అతని బదులు ఆమే మాట్లాడుతుంది, ఆమే అతికిస్తుంది, ఆమే సర్దుతుంది. మిగతా పిల్లలు అతనితో కాకుండా ఆమెతో మాట్లాడతారు. గది ఒకటే అయినా అతను వేరుగానే ఉంటాడు. ఇంకోటి, ఇది మనసున్న టీచర్ల దగ్గర కూడా జరుగుతుంది: మామూలు పిల్లలు చిన్న నర్సులైపోతారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు కోటు వేయడం, బొమ్మ తెచ్చివ్వడం, బుగ్గ గిల్లి ముద్దు చేయడం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ పాప తన వయసు పిల్లల మధ్య పసిబిడ్డగా మిగిలిపోతుంది. అనుభవం ఉన్న టీచర్ దీన్ని వెంటనే ఆపి, ఆ పాప చేతిలో ఏదో ఒక అధికారం పెడుతుంది. స్నాక్ పంచే పని ఆమెదే అవుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు గంట ఆమే కొడుతుంది. తీసుకునే వైపే కాకుండా ఇచ్చే వైపు కూడా ఆమె ఉండాలి.

కష్టమైన రోజులు ఉంటాయి. గోల భరించలేక ఒక బాబు చెవులు మూసుకుని పదిహేను నిమిషాలు అరవవచ్చు. కొరకడం, కొట్టడం ఈ వయసులో ఏ ప్రీస్కూల్లోనైనా జరుగుతాయి, ఇక్కడా జరుగుతాయి. ముందే ఆలోచించి పెట్టుకున్నారా లేదా అన్నది ముఖ్యం. గోల తగ్గించే హెడ్‌ఫోన్లు అందుబాటులో ఉన్నాయా? మెత్తటి దిండ్లున్న ప్రశాంతమైన మూల ఉందా, అది శిక్షగా కాకుండా ఎవరైనా వెళ్ళి కూర్చునే చోటుగా ఉందా? ఒక టీచర్ ఆ బాబు దగ్గర ఉంటే మిగతా పిల్లలను చూసుకోవడానికి చేతులు ఉన్నాయా? వాషింగ్టన్ లైసెన్సు నిబంధన ప్రకారం ఈ వయసులో 10 మందికి ఒక పెద్ద మనిషి చాలు, గుంపు 20 దాటకూడదు. ఇలాంటి తరగతికి అది చాలదు. 15 మందిలో 5 మందికి ప్రత్యేక అవసరాలుంటే ఎప్పుడూ కనీసం ముగ్గురు పెద్దవాళ్ళు గదిలో ఉండాలని నా అభిప్రాయం. థెరపిస్టులు వచ్చిన రోజు ఇంకా ఎక్కువ.

థెరపీ ఎక్కడ జరుగుతుందో కూడా అడగండి. స్పీచ్ థెరపిస్టు పిల్లవాడిని వేరే గదికి తీసుకెళ్ళి కార్డులు చూపించి అరగంటకు తిరిగి తెస్తే, అక్కడ నేర్చిన మాట అక్కడే ఉండిపోతుంది. నీళ్ళ తొట్టి దగ్గరికే వచ్చి, చెంబు తన చేతిలో పట్టుకుని, పిల్లవాడు "నీళ్ళు పొయ్యి" అనో సైగ చేసో అడిగేదాకా ఆగితే ఆ మాట అతనికి వెంటనే పనికొస్తుంది. దీని వల్ల మీ పాపకు కూడా లాభమే. నీళ్ళ తొట్టి దగ్గర స్పీచ్ థెరపిస్టు ఉంటే అక్కడ ఆడే నలుగురికీ ఆమె భాష అందుతుంది.

గోడ మీద బొమ్మలతో రోజు వరుస కట్టి ఉండటం మీరు చూసే ఉంటారు: చేతులు కడుక్కోవడం, సర్కిల్, ఆట, స్నాక్, బయట. అది ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల కోసం. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే వాళ్ళకు కంగారు తగ్గుతుంది. ఇంట్లో తెలుగు మాత్రమే విని, ఇంగ్లిష్ రాకుండా వచ్చే మన పిల్లలకు మొదటి వారం ప్రాణం నిలబెట్టేది కూడా అదే. అమ్మ ఎప్పుడొస్తుందో ఆ వరుసలో చివరి బొమ్మ చెబుతుంది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి, మీకు అవసరం లేకపోయినా ఇది చదివే వేరే తల్లిదండ్రులకు పనికొస్తుంది. మాటలు ఆలస్యమైన పిల్లలున్న ఇళ్ళలో "తెలుగు మానేయండి, ఒకే భాష ఉంచండి" అని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో రెండు భాషల వల్ల ఆలస్యం పెరిగినట్టు తేలలేదు. తెలుగు మానేస్తే పోయేది అమ్మమ్మతో, నాయనమ్మతో మాట్లాడే దారి. మంచి బడి అయితే మీ నుంచి కొన్ని తెలుగు మాటలు అడిగి రాసుకుంటుంది: నీళ్ళు, ఆకలి, బాత్రూమ్, అమ్మ వస్తుంది. మాట్లాడే పరికరంలో కూడా తెలుగు మాట రికార్డ్ చేసి పెట్టవచ్చు. మీ అత్తగారు ఇక్కడ ఉండగానే ఒక పొద్దున వచ్చి తెలుగు పాటో కథో చెప్పవచ్చా అని అడగండి. ఆవిడ భయం పోవడానికి నా జవాబు కంటే అది బాగా పని చేస్తుంది.

ఇక నాన్‌ప్రాఫిట్ గురించి. మనవాళ్ళలో కొందరు దీన్ని ధర్మసంస్థ అనుకుని, పేదవాళ్ళ బడి అనో నాణ్యత తక్కువనో అనుకుంటారు. అది సరికాదు. ఫీజుల మీద మిగిలింది యజమాని జేబులోకి వెళ్ళదు, బోర్డు ఉంటుంది, లెక్కలు సాధారణంగా ప్రతి ఏటా ఫారం 990 (పన్నుల శాఖకు ఇచ్చే రిటర్న్) రూపంలో బయటపెట్టాలి. ఆ ఫారం ఎవరైనా చూడవచ్చు, మీరూ చూడండి. ముగ్గురు పెద్దవాళ్ళు, థెరపిస్టులు, తగిన సామాను పెట్టి నడిపితే ఫీజులతో ఖర్చు వెళ్ళదు. విరాళాలు, గ్రాంట్లు, కొంతమంది పిల్లలకు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఇచ్చే డబ్బు కలిస్తేనే బండి నడుస్తుంది. చాలా చోట్ల ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. మీకు అవసరమైతే మొహమాటపడకుండా అడగండి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉంటే పూర్తి ఫీజు కట్టండి, ఇంకో కుటుంబానికి చోటు వస్తుంది. ఇలాంటి బడులకు పెద్ద చిక్కు టీచర్లు నిలవకపోవడం. ఈ దేశంలో చిన్నపిల్లల టీచర్లకు జీతాలు తక్కువ. కాబట్టి మీరు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి: ఈ గదిలో లీడ్ టీచర్ ఎన్నేళ్ళుగా ఉన్నారు?

ఇలాంటి బడులు ఎలా వచ్చాయో మన వాళ్ళలో చాలా మందికి తెలియదు. 1960ల్లో అమెరికాలో కూడా ఇలాంటి పిల్లల్లో చాలా మందిని బడి గడప తొక్కనిచ్చేవారు కాదు, ఇంటికి దూరంగా ఉంచే సంస్థల్లో వేసి మరిచిపొమ్మని డాక్టర్లే చెప్పేవారు. సియాటిల్‌లో అది ఒప్పుకోని తల్లిదండ్రులు 1965లో నార్త్‌వెస్ట్ సెంటర్ అనే నాన్‌ప్రాఫిట్ పెట్టుకున్నారు. ఎవెలిన్ చాప్‌మన్, కేటీ డోలన్, జేనెట్ టాగర్ట్, సెసిల్ లిండ్‌క్విస్ట్ అనే నలుగురు మహిళలు, ఇద్దరు లా విద్యార్థుల సాయంతో చట్టం ముసాయిదా రాసి, రాష్ట్ర శాసనసభ చుట్టూ తిరిగి 1971లో దాన్ని గెలిపించుకున్నారు. ప్రతి పిల్లవాడికీ చదువు చెప్పి తీరాలన్న ఆ వాషింగ్టన్ చట్టం, 1975లో వచ్చిన దేశవ్యాప్త చట్టానికి ఒక దారి చూపింది. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు కూడా ఆ హక్కు 1986 సవరణతో వచ్చింది. అంతకు ముందే 1972లో, పేద కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచే హెడ్ స్టార్ట్ ప్రీస్కూళ్ళలో కనీసం 10 శాతం చోటు వీళ్ళకు ఇవ్వాలని నియమం పెట్టారు. మీ బాథెల్‌కు అరగంట దూరంలోనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వారి హేరింగ్ సెంటర్ ఉంది. అన్ని రకాల పిల్లలు కలిసి చదివే బడిని నడుపుతూ టీచర్లకు అక్కడే శిక్షణ ఇస్తారు. మీరు చూసొచ్చిన బడి టీచర్లలో ఎవరైనా అక్కడ శిక్షణ పొందారేమో అడగండి.

మీ పాప గురించి కూడా ఒక మాట. మీరు రాసిన దాన్లో నాకు అనుమానపడే విషయం ఏమీ లేదు. కానీ ఇలాంటి బడిలో ఉన్న లాభం, ఏదైనా చిన్న ఆలస్యం ఉంటే త్వరగా కనిపెడతారు. మూడేళ్ళు దాటిన పిల్లల గురించి సందేహం ఉంటే పిల్లను పరీక్షించమని స్కూల్ డిస్ట్రిక్ట్‌ను రాతపూర్వకంగా అడగవచ్చు, పైసా ఖర్చు లేదు. మీ అంగీకారం తీసుకున్నాక 35 పని దినాల్లో పరీక్షలు పూర్తి చేయాలి. బడి పని దినాలు అన్నమాట, సెలవులు లెక్కకు రావు. హెచ్-1బి మీద ఉన్నాం, అడగవచ్చా అని చాలా మంది నన్ను అడుగుతుంటారు. అడగవచ్చు. ఆ డిస్ట్రిక్ట్‌లో నివసిస్తున్న ప్రతి పిల్లకూ ఆ హక్కు ఉంది, వీసాతో సంబంధం లేదు.

హైదరాబాద్ సంగతి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆటతోనే నేర్పాలంది. 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం కూడా అదే చెబుతుంది. అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లలను ఎలా గుర్తించి కలుపుకోవాలో 2023లో కేంద్రం ఒక విధానం విడుదల చేసింది. ఇదంతా ఉన్నా చాలా ప్రైవేటు బడుల్లో ఎల్‌కేజీలోనే పేజీలు పేజీలు రాయిస్తారని నాకు తెలుసు. ఐదున్నరేళ్ళకు మీరు వెళితే మీ పాపకు మొదటి రెండు మూడు నెలలు రాత విషయంలో ఇబ్బంది ఉండవచ్చు. వేళ్ళకు బలం, వినే ఓపిక, మాటల సంపద ఉన్న పిల్లకు రాత అందుకోవడం పెద్ద పని కాదు. వెళ్ళే ముందు ఆరు నెలలు ఇంట్లో తెలుగు అక్షరాలు మొదలుపెట్టండి. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి, అక్షరాభ్యాసం నాడు చేసినట్టే. గుండ్రాలు చేతికి వచ్చాక పలక, ఆ తర్వాత పెన్సిల్.

ఇంట్లో మీరు చేయాల్సింది ఇంకొకటి ఉంది. బడిలో చేరాక మీ పాప కార్లో కూర్చుని "ఆ బాబు ఎందుకు మాట్లాడడు?" అని అడుగుతుంది. ఉష్ అనకండి. "అయ్యో పాపం" అని కూడా అనకండి, మీ అత్తగారికీ ఈ ఒక్క మాట చెప్పండి. "అతని నోటికి మాటలు పలకడం కష్టం, అందుకే బటన్ నొక్కి చెబుతాడు. రేపు అతనికి ఏ ఆట ఇష్టమో అడుగు" అంటే చాలు. మూడున్నరేళ్ళ పిల్లకు అది పూర్తి జవాబు. తర్వాతి ప్రశ్న ఆకాశం గురించో ఐస్‌క్రీమ్ గురించో వస్తుంది.

చివరగా ఎప్పుడు వెళ్ళి చూడాలో చెబుతాను. టూర్లు సాధారణంగా సర్కిల్ టైమ్‌కో, పిల్లలు వెళ్ళిపోయాకో పెడతారు, అప్పుడు అన్నీ చక్కగా కనబడతాయి. మీరు ఫోన్ చేసి స్నాక్ సమయంలో ఇరవై నిమిషాలు కూర్చోనిమ్మని అడగండి. మిగతా పిల్లల గోప్యత వల్ల ఫోటోలు తీయొద్దంటారు, అది మంచి గుర్తే. టేబుళ్ళు చూడండి. ప్రత్యేక అవసరాలున్న ఐదుగురూ ఒకే టేబుల్ దగ్గర ఉన్నారా, అందరిలో కలిసి ఉన్నారా? కూర్చున్నప్పుడు ప్రతి పిల్ల పాదాలూ నేలకో పీటకో ఆనుతున్నాయా, గాలిలో వేలాడుతున్నాయా? క్రాకర్ల గిన్నెను టీచర్ పంచుతోందా, పిల్లల చేతుల మీదుగా తిరుగుతోందా? మాట రాని పిల్ల దగ్గరికి గిన్నె వచ్చినప్పుడు ఏం జరుగుతుందో జాగ్రత్తగా గమనించండి. పెద్దవాళ్ళు ఆమె ప్లేట్లో రెండు వేసి గిన్నెను ముందుకు పంపేస్తే ఇంకో బడి చూడండి. గిన్నె ఆమె దగ్గరే ఆగి, పక్కనున్న పిల్ల ఆమె చేతి వైపు, బొమ్మల కార్డు వైపు చూస్తూ ఆగితే, ఆ రోజే డిపాజిట్ కట్టేయండి.